పాదం వెడల్పు, పుట వెడల్పు: ఏక, బహు కాలమ్ అమరికల చరిత్ర, పద్యముద్రణకు దాని అన్వయం

వ్యాససంగ్రహం

ఒకే పత్రంలో కొంత భాగాన్ని పుట నిండు వెడల్పునా, కొంత భాగాన్ని రెండు మూడు కాలమ్‌లుగానూ అమర్చే పద్ధతి కంప్యూటర్‌తో పుట్టినది కాదు. గ్రీకు, హీబ్రూ, పారసీక లిఖిత ప్రతుల్లో గద్యం నుంచి పద్యానికి మారేటప్పుడు లేఖకులు కాలమ్‌ల సంఖ్యను మార్చిన సందర్భాలు ఉన్నాయి. ఆ మార్పుకు ఆధారం పద్యపాదపు నిడివి అని ఈ వ్యాసం నిరూపించదలచింది. తాళపత్రంలో ఈ మార్పుకు చోటు లేకపోవడానికి, లోహాక్షర ముద్రణలో అది అరుదు కావడానికి గల కారణాలను పరిశీలించి, నేటి పదసంసాధకాల్లో ఈ సౌకర్యం ఎలా పనిచేస్తుందో వివరించి, తెలుగు పద్యభాగాలున్న పరిశోధన వ్యాసాలకూ పరిష్కృత ప్రతులకూ అనుసరించదగిన పద్ధతిని సూచిస్తుంది.

కీలకపదాలు: కాలమ్, పుట అమరిక, ప్రాస, చంపువు, తాళపత్రం, విభాగ విరామం, సమాంతర పాఠం.

1. ప్రస్తావన

పుటను నిలువుగా విభజించినప్పుడు ఏర్పడే పట్టీని తెలుగు పత్రికారంగం 'కాలం' అనే పిలుస్తోంది. సమయవాచకంతో పొరపాటు పడకుండా ఈ వ్యాసంలో దానిని 'కాలమ్' అని వ్యవహరిస్తున్నాను. శీర్షిక, వ్యాససంగ్రహం నిండు వెడల్పున, తక్కిన వ్యాసమంతా రెండు కాలమ్‌లుగా ఉండే నమూనా విజ్ఞానశాస్త్ర పత్రికలలో బాగా స్థిరపడింది. భాషాసాహిత్య పత్రికలు కూడా ఆ నమూనాను స్వీకరించినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. వ్యాసం మధ్యలో ఉదాహరించిన ఉత్పలమాల ఇరుకు కాలమ్‌లో ఇమడదు. నాలుగు పాదాలు ఎనిమిది పంక్తులవుతాయి. పాదం ఎక్కడ ముగిసిందో, ప్రాసాక్షరం ఏదో పాఠకుడు వెతుక్కోవలసి వస్తుంది.

దీనిని టైపు చేసేవారి పొరపాటుగానో, సాఫ్ట్‌వేర్ లోపంగానో భావించడం పరిపాటి. నిజానికి ఇది పుట చరిత్రలో చాలా పాత సమస్య. దీనికి పరిష్కారాలు కూడా పాతవే. వాటిని తెలుసుకోవడం ఇప్పుడు మన ముందున్న నిర్ణయాలకు ఉపకరిస్తుంది.

2. పద్యం కోసం మారిన పుట: గ్రీకు, హీబ్రూ ప్రతులు

కాలమ్ గ్రంథం కంటే పాతది. పపైరస్ చుట్టలో రాత చుట్ట పొడవునా ఏకధారగా సాగదు. పక్కపక్కన నిలువు పట్టీలుగా ఉంటుంది. గ్రీకు సాహిత్యపు చుట్టలలో గద్యానికి ఇరుకు పట్టీలు, హోమర్ కావ్యాలలోని ఆరు గణాల పాదానికి అంతకంటే వెడల్పైన పట్టీలు కనిపిస్తాయి. గద్యాన్ని లేఖకుడు ఏ అక్షరం దగ్గరైనా విరిచి కింది పంక్తికి తేగలడు. పద్యంలో ఒక పాదం ఒక పంక్తిగా నిలవాలి. అందువల్ల గద్యపు పట్టీ కొలతను లేఖకుడు నిర్ణయిస్తే, పద్యపు పట్టీ కొలతను ఛందస్సు నిర్ణయించింది.

చుట్ట పోయి కుట్టిన పుస్తకం వచ్చాక ఈ సూత్రం మరింత స్పష్టమైంది. క్రీస్తుశకం 4వ శతాబ్దానికి చెందిన సైనాయ్ ప్రతి ఇందుకు ప్రసిద్ధ సాక్ష్యం. సైనాయ్ పర్వతపాదంలోని సెయింట్ కేథరిన్ మఠంలో భద్రపడి, 19వ శతాబ్దంలో పండితలోకానికి తెలిసివచ్చిన ఈ గ్రీకు బైబిల్ ప్రతిలో అధికభాగం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దీనిలో గద్యగ్రంథాలు పుటకు నాలుగు కాలమ్‌లుగా, కీర్తనలు, సామెతలు, యోబు మొదలైన కవితాత్మక గ్రంథాలు పుటకు రెండు కాలమ్‌లుగా ఉన్నాయి. అదే శతాబ్దానికి చెందిన వాటికన్ ప్రతిలో గద్యానికి మూడు కాలమ్‌లు, పాత నిబంధనలోని కవితాత్మక గ్రంథాలకు రెండు.

హీబ్రూ సంప్రదాయం కూడా ఇదే దారిలో నడిచింది. 10వ శతాబ్దపు అలెప్పో ప్రతిలోనూ, 1008 నాటిదని గుర్తించిన లెనిన్‌గ్రాడ్ ప్రతిలోనూ సాధారణ అమరిక మూడు కాలమ్‌లు. కీర్తనలు, యోబు, సామెతలు వచ్చేసరికి అది రెండుగా మారుతుంది. భాష వేరు, లిపి వేరు, రాసే దిశ వేరు. అయినా లేఖకుల నిర్ణయం ఒక్కటే. పద్యభాగం రాగానే కాలమ్‌ల సంఖ్య తగ్గించి, ఒక్కొక్క కాలమ్ వెడల్పు పెంచారు.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సైనాయ్ ప్రతిలో పదాల మధ్య ఖాళీలు లేవు. మన తాళపత్రాల వలె అక్షరాలు ఏకధారగా సాగుతాయి. పదవిభాగం చూపని లేఖకుడు కూడా పద్యవిభాగం చూపడం అవసరమనుకున్నాడు.

3. పాదం చిన్నదైతే కాలమ్‌లు ఎక్కువ: పారసీక ప్రతులు

పై ఆధారాలను బట్టి పద్యానికి తక్కువ కాలమ్‌లు, గద్యానికి ఎక్కువ కాలమ్‌లు అనే సూత్రం చేయడం తొందరపాటు అవుతుంది. పారసీక ప్రతులలో దీనికి సరిగ్గా విపర్యయం కనిపిస్తుంది. అక్కడ గద్యం పుట నిండు వెడల్పున సాగుతుంది. పద్యం కాలమ్‌లుగా విడిపోతుంది. ఒక బైత్‌లోని రెండు మిస్రాలు ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. షానామా వంటి దీర్ఘకావ్యాల ప్రతులలో పుటకు నాలుగు, ఆరు కాలమ్‌లు కూడా ఉంటాయి. మధ్యలో వచ్చే ప్రకరణ శీర్షికలు కాలమ్‌ల గీతలను తుడిచి అడ్డంగా పరచుకుంటాయి.

గద్యపద్య మిశ్రమమైన సాదీ గులిస్తాన్ ప్రతులు ఈ విషయంలో మరింత ఆసక్తికరం. 1258లో రచించిన ఈ గ్రంథం ప్రతులలో కథాభాగం నిండు పంక్తులుగా నడుస్తూ, పద్యం రాగానే అదే పుటలో రెండు కాలమ్‌లుగా చీలి, పద్యం ముగియగానే మళ్ళీ నిండు పంక్తి అవుతుంది. సైనాయ్ ప్రతిలో మార్పు ఒక గ్రంథం నుంచి మరో గ్రంథానికి జరిగింది. ఇక్కడ ఒకే పుటలో అనేకమార్లు జరుగుతుంది. నేటి పదసంసాధకంలో మనం కోరుకునేది సరిగ్గా ఇదే.

గ్రీకు, హీబ్రూ ప్రతులనూ పారసీక ప్రతులనూ కలిపి చూస్తే సూత్రం సరైన రూపంలో తేలుతుంది. కాలమ్‌ల సంఖ్యను నిర్ణయించేది గద్యమా పద్యమా అన్నది కాదు. విరగకుండా నిలవవలసిన పాదం ఎంత పొడవన్నది. పాదం పెద్దదైన చోట పుట కాలమ్‌లను తగ్గించుకుంది. చిన్నదైన చోట పెంచుకుంది.

4. దిగువకు చదివే కాలమ్, అడ్డంగా చదివే కాలమ్

ఈ చరిత్రలో రెండు వేర్వేరు వస్తువులకు ఒకే పేరు ఉండటం వల్ల కలిగే గందరగోళాన్ని ఇక్కడే తొలగించుకోవాలి. సైనాయ్ ప్రతిలో పాఠకుడు మొదటి కాలమ్ అడుగు వరకు చదివి, ఆ పైన రెండవ కాలమ్ పైకి వెళతాడు. దీనిని ప్రవాహ కాలమ్ అనవచ్చు. గులిస్తాన్ పద్యభాగంలో పాఠకుడు కుడి కాలమ్‌లోని మిస్రా చదివి, దిగువకు పోకుండా, అదే వరుసలో ఎడమ కాలమ్‌కు వెళతాడు. దీనిని సమాంతర కాలమ్ అనవచ్చు.

సమాంతర కాలమ్‌కు ప్రాచీన ఉదాహరణ 3వ శతాబ్దంలో ఓరిజెన్ కూర్చిన హెక్సాప్లా. హీబ్రూ మూలం, దాని గ్రీకు లిప్యంతరీకరణ, నాలుగు గ్రీకు అనువాదాలు ఆరు కాలమ్‌లలో పక్కపక్కన నిలిచి, అడ్డంగా పోల్చి చదవడానికి వీలు కల్పించాయి. భారతీయ కాగితపు ప్రతులలో మూలాన్ని నడుమ రాసి, వ్యాఖ్యానాన్ని పైనా కిందా రాసే త్రిపాఠ పద్ధతి, పక్కల అంచులను కూడా వాడుకునే పంచపాఠ పద్ధతి ఈ అవసరానికే మరో రూపం. మూలమూ వ్యాఖ్యా ఒకే చూపులో ఉండాలన్నది వాటి ఉద్దేశం.

నేటి పదసంసాధకంలో ఈ రెండింటికీ వేర్వేరు సాధనాలున్నాయి. కాలమ్ ఆదేశం ఇచ్చేది ప్రవాహ కాలమ్ మాత్రమే. సమాంతర పాఠానికి వాడవలసింది పట్టిక. మూలపద్యాన్ని ఎడమ కాలమ్‌లో, అనువాదాన్ని కుడి కాలమ్‌లో ఉంచాలని కాలమ్ ఆదేశం వాడితే, పైన ఒక పంక్తి చేర్చగానే ఎడమ కాలమ్ అడుగున ఉన్న పంక్తి కుడివైపుకు జారి, మూలానికీ అనువాదానికీ పొంతన పోతుంది. ఇది ప్రవాహానికి ఉద్దేశించిన సాధనాన్ని పోలికకు వాడటం వల్ల వచ్చే ఇబ్బంది.

5. తాళపత్రంలో కాలమ్ మార్పు ఎందుకు లేదు?

నన్నయ భారతం నుంచి తెలుగు కావ్యం ప్రధానంగా చంపూరూపం. వృత్తాలు, కందాలు, సీసాలు, గీతాలు, వచనం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇటువంటి రచనకు గులిస్తాన్ తరహా అమరిక సహజంగా సరిపోవాలి. అయినా మన తాళపత్రాలలో పద్యం కూడా వచనం వలెనే ఏకధారగా సాగుతుంది.

కారణం ఆకు ఆకృతి. తాటాకు పొడవు ఎక్కువ, ఎత్తు తక్కువ. ఒక పక్కన కొన్ని పంక్తులు మాత్రమే పడతాయి. అంత తక్కువ ఎత్తులో పాదానికో పంక్తి కేటాయిస్తే ఆకులో అధికభాగం ఖాళీగా మిగిలిపోతుంది. నిలువు విభజన మాత్రం తాళపత్రానికి పూర్తిగా తెలియనిది కాదు. పశ్చిమభారత జైన తాళపత్రాలలో తాడు కోసం వేసిన రంధ్రాల చుట్టూ ఖాళీ వదలడం వల్ల రాత రెండు మూడు కాలమ్‌లుగా ఏర్పడింది. అయితే ఆ విభజన తాడు కోసం వచ్చినది. పాదం కోసం వచ్చినది కాదు.

తాళపత్రం పాదాన్ని చూపకపోయినా పాఠకుడికి లోటు రాలేదు. ఛందస్సు అతని చెవిలో ఉంది. పైకి చదివేటప్పుడు యతి దగ్గర, ప్రాస దగ్గర పాదం తనంతట తాను విడివడేది. ముద్రణ వచ్చాక పాదానికో పంక్తి పద్ధతి స్థిరపడి, చెవికి తెలిసిన విభాగం కంటికి కూడా అందింది. పద్యానికి ముందు ఛందోనామపు పొడి అక్షరం, దాని కింద ఒక అంచుకు సరిచేసిన నాలుగు పాదాలు. ప్రాస పాదంలో రెండవ అక్షరం కాబట్టి, పాదాలు ఒకదాని కింద ఒకటి నిలిచినప్పుడు ప్రాసాక్షరాలు దాదాపు ఒకే నిలువు వరుసలోకి వస్తాయి. ఆ వరుస విద్యార్థికి ఛందస్సు నేర్పే తొలి పాఠం. చెవితో పద్యం పట్టే అలవాటు సన్నగిల్లిన మన తరంలో ఆ వరుసకు విలువ మరింత పెరిగింది.

6. లోహాక్షరాల కాలం

లోహాక్షర ముద్రణలో అక్షరాలను కూర్చే స్టిక్‌ను ఒక నిర్దిష్ట వెడల్పుకు బిగించి పని సాగిస్తారు. ఆ వెడల్పు మారితే స్టిక్ కొలత మార్చాలి. కాలమ్‌ల నడుమ గీతలు, ఖాళీలు నింపే దిమ్మలు మళ్ళీ కొలుచుకోవాలి. ప్రూఫులో ఒక పంక్తి పెరిగితే రెండు కాలమ్‌లనూ మళ్ళీ సరితూచాలి. అందువల్ల ఒకే పుటలో కొలత మార్చడం శ్రమతో, ఖర్చుతో కూడిన పని అయింది.

దీని ఫలితంగా కాలమ్‌ల సంఖ్య గ్రంథప్రక్రియకు ముడిపడింది. కావ్యం నిండు పుటలో, నిఘంటువు రెండు కాలమ్‌లలో, దినపత్రిక అనేక కాలమ్‌లలో వెలువడటం వాడుక అయింది. 1903లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పు రెండు కాలమ్‌ల పుటకు మనకు బాగా పరిచితమైన ఉదాహరణ. నిఘంటువులో ప్రయోగంగా ఇచ్చే పద్యభాగాన్ని వచనం వలె వరుసగా ఇమిడ్చినా నష్టం లేదు. అక్కడ సాక్ష్యం చెప్పేది పదం గాని పాదం కాదు. ఛందస్సు, శైలి, పాఠాంతరాలు చర్చించే వ్యాసంలో పరిస్థితి వేరు. అక్కడ పాదమే సాక్ష్యం.

7. కంప్యూటర్‌లో కాలమ్ మార్పు

కంప్యూటర్ వచ్చిన వెంటనే ఈ స్వేచ్ఛ పూర్తిగా దక్కలేదు. డోనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ వ్యవస్థపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లాటెక్‌లో ఒక కాలమ్ నుంచి రెండు కాలమ్‌లకు మార్చే ఆదేశం ఉన్నా, ఆ ఆదేశం ఇచ్చినప్పుడల్లా కొత్త పుట ప్రారంభమయ్యేది. అంటే సైనాయ్ ప్రతి తరహా మార్పు సాధ్యమైంది గాని గులిస్తాన్ తరహా మార్పు సులభం కాలేదు. ఫ్రాంక్ మిట్టెల్‌బాక్ రూపొందించి 1989లో ప్రకటించిన మల్టీకాల్ ప్యాకేజీ ఈ లోటు తీర్చింది. కాలమ్‌లలో ఉంచవలసిన పాఠాన్ని ముందుగా సేకరించి, దానిని సమాన ఎత్తు గల భాగాలుగా విభజించి, ఆ కింద అదే పుటలో నిండు వెడల్పు పాఠం కొనసాగేలా చేయడం దాని పద్ధతి. మార్పు జరిగే చోట కాలమ్‌ల అడుగులు సమంగా ఉండాలి. లేకపోతే కింది నిండు పంక్తికి చోటు దొరకదు. లోహాక్షరాల కార్మికుడు చేతితో చేసిన తూకాన్ని ఇక్కడ గణన చేస్తోంది.

1985లో వచ్చిన పేజ్‌మేకర్ మరో దారి పట్టింది. అది పుటను ముందు గీసి, పాఠాన్ని అందులోకి పోస్తుంది. 1990లలో తెలుగు డీటీపీ కేంద్రాలలో ఇదే ప్రధాన సాధనం. పుట అమర్చేవారు నిపుణులు. వ్యాసకర్త చేతిరాత ప్రతి ఇచ్చి ప్రూఫు చూసేవాడు. కాలమ్ నిర్ణయం వ్యాసకర్త చేతిలో లేదు.

వర్డ్ వంటి పదసంసాధకం ఆ నిర్ణయాన్ని వ్యాసకర్తకు అప్పగించింది. అయితే దాని తర్కం తెలియకపోవడం వల్లనే చాలా చిక్కులు వస్తున్నాయి. వర్డ్‌లో కాలమ్‌ల సంఖ్య పేరాకు చెందిన లక్షణం కాదు, పుటకు చెందిన లక్షణమూ కాదు. అది విభాగానికి, అంటే సెక్షన్‌కు చెందినది. ఒకే పుటలో కాలమ్‌ల సంఖ్య మార్చాలంటే మార్పు జరిగే చోట కొత్త పుట కోరని 'కంటిన్యుయస్' విభాగ విరామం పెట్టాలి. పద్యం నిండు వెడల్పున ఉండాలంటే పద్యానికి ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు విరామాలు కావాలి. పద్యాన్ని ఎంపిక చేసి 'ఒక కాలమ్' ఆదేశం ఇస్తే ఆ రెండూ వాటంతట అవే ఏర్పడతాయి.

విరామపు గుర్తు తనకు ముందున్న విభాగపు లక్షణాలను మోస్తుంది. దానిని చెరిపివేస్తే ముందున్న పాఠం వెనుక విభాగపు కాలమ్‌లను స్వీకరిస్తుంది. ఒక చోట దిద్దితే మరొక చోట పుట చెదిరిందన్న ఫిర్యాదుకు తరచు ఇదే కారణం. గుర్తులను తెరపై కనిపించేలా ఉంచుకొని పని చేస్తే ఈ చిక్కు రాదు.

8. తెలుగు పద్యానికి అన్వయం

పాదపు నిడివే కాలమ్‌ను నిర్ణయించాలన్న సూత్రాన్ని మన ఛందస్సుకు అన్వయించి చూద్దాం. వృత్తాలలో శార్దూల పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాలకు, మత్తేభానికి 20, చంపకమాలకు 21. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అంటే 22 నుంచి 30 అక్షరాలు. దానిని రెండు పంక్తులుగా విరవడం ఇప్పటికే ముద్రణ సంప్రదాయం. అప్పుడు కూడా మొదటి సగంలో 12 నుంచి 16 అక్షరాలుంటాయి. కందంలో బేసి పాదం 12 అక్షరాలకు మించదు. సరి పాదం 19 వరకు పోవచ్చు. తేటగీతి పాదం 12 నుంచి 17 అక్షరాలు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం గల ద్విపద పాదం 11 నుంచి 15 అక్షరాలు.

ఎ4 పుటలో నాలుగు వైపులా 2.54 సెంటీమీటర్ల అంచు వదిలితే పాఠానికి మిగిలే వెడల్పు సుమారు 15.9 సెంటీమీటర్లు. నడుమ 1.27 సెంటీమీటర్ల ఖాళీతో రెండు కాలమ్‌లు చేస్తే ఒక్కొక్కటి సుమారు 7.3 సెంటీమీటర్లు. సంయుక్తాక్షరాలు, దీర్ఘాలు నిండిన వృత్తపాదం వ్యాసాలకు వాడే సాధారణ పరిమాణంలో ఇందులో నిలవడం కష్టం. ద్విపద, గీతాలు, సీసపు అర్ధపాదాలు నిలవగలవు. కందం సందిగ్ధస్థానంలో ఉంది. బేసి పాదం నిలిచి, సరి పాదం విరగవచ్చు. అప్పుడు నాలుగు పాదాల పద్యం ఆరు పంక్తులై, రూపమే మారిపోతుంది.

విరిగిన పాదం వల్ల నష్టం అందానికి సంబంధించినది మాత్రమే కాదు. విరిగిన వృత్తంలో ఒకటి, మూడు, ఐదు, ఏడు పంక్తుల రెండవ అక్షరాలే ప్రాసాక్షరాలు. నడుమ పంక్తుల రెండవ అక్షరాలకు ప్రాసతో సంబంధం లేదు. ఆ పుటను చూసి పద్యాన్ని ఎత్తి రాసుకునే విద్యార్థి విరిగిన పంక్తినే పాదంగా భావించే ప్రమాదం ఉంది. పాఠపరిష్కరణలో యతిప్రాసలు దోషనిర్ణయానికి ఆధారాలు. ఆ ఆధారాలను పుట దాచిపెడితే పరిష్కర్త వాదం పాఠకుడికి అందదు.

దీనిని బట్టి కొన్ని సూచనలు చేయవచ్చు. మొదటిది, ఛందశ్చర్చ ప్రధానమైన వ్యాసాలను మొత్తం ఒకే కాలమ్‌లో ప్రచురించడం ఉత్తమం. రెండవది, పత్రిక నమూనా రెండు కాలమ్‌లదే అయితే, వృత్తాలకూ, సరి పాదం విరిగే కందాలకూ విభాగ విరామాలతో నిండు వెడల్పు ఇవ్వాలి. అయితే ప్రతి మార్పూ చదివే క్రమంలో ఒక అడ్డుగోడ. పై రెండు కాలమ్‌లూ ముగిసాకనే పాఠకుడు పద్యానికి వస్తాడు. కాబట్టి ఒక పుటలో నాలుగైదు మార్పులు అవసరమైతే మొదటి సూచనకే మరలడం మేలు. మూడవది, ద్విపదకావ్య భాగాలు దీర్ఘంగా ఉదాహరించవలసినప్పుడు రెండు కాలమ్‌లు అనుకూలం. పాదం కింద పాదం నిలిచి ప్రాస నిలువుగా కనిపిస్తుంది. పారసీక ప్రతుల వలె రెండు పాదాలనూ పక్కపక్కన ఉంచాలనుకుంటే కాలమ్ కాక పట్టిక వాడాలి. పాఠాంతరాలు, అనువాదాలు పోల్చి చూపేటప్పుడు కూడా పట్టికే సరైనది. నాలుగవది, పద్యాన్ని రెండు అంచులకూ సమం చేయరాదు. పాదాన్ని పేరా గుర్తుతో కాక పంక్తి విరుపుతో ముగించినప్పుడు రెండంచుల సమీకరణ పదాల మధ్య లేని ఖాళీలు సృష్టించి, వాటిని యతిస్థానాలని భ్రమింపజేస్తుంది.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అచ్చుపుటల ఛాయాచిత్రాలనుంచి యంత్రం అక్షరాలను గుర్తించేటప్పుడు కాలమ్‌ల సరిహద్దు తెలియకపోతే రెండు కాలమ్‌ల పంక్తులను అడ్డంగా కలిపి చదువుతుంది. పాత నిఘంటువులను అక్షరరూపంలోకి మార్చేటప్పుడు ఎదురయ్యే తొలి అవరోధాలలో ఇది ఒకటి. నేడు మనం ప్రచురించే పుట రేపు యంత్రం కూడా చదివే పుట. మార్పు జరిగే చోట తగినంత ఖాళీ, స్పష్టమైన విభాగం ఉండటం ఆ చదువుకూ మేలు చేస్తుంది.

9. ఉపసంహారం

ఒక కాలమ్ నుంచి అనేక కాలమ్‌లకు, అక్కడినుంచి మళ్ళీ ఒకదానికి మారడం పుటకు అలంకారంగా పుట్టలేదు. గ్రీకు లేఖకుడు నాలుగు కాలమ్‌లను రెండు చేసినా, పారసీక లేఖకుడు ఒకదానిని రెండు చేసినా ఉద్దేశం పాదాన్ని విరగకుండా నిలపడమే. తాటాకు ఆ అవకాశం ఇవ్వలేదు, చెవి ఆ లోటు తీర్చింది. లోహాక్షరాలలో ఆ అవకాశం ఉన్నా ఖర్చు అడ్డుపడింది. నేడు ఆ అడ్డంకి లేదు. విభాగ విరామం వ్యాసకర్త చేతిలోనే ఉంది. కాబట్టి పత్రికల నమూనాలు రూపొందించే సంపాదకవర్గాలు కాలమ్‌ల సంఖ్యతో పాటు, ఉదాహృత పద్యం ఏ వెడల్పున నిలవాలో కూడా రచయితలకిచ్చే సూచనలలో చేర్చడం అవసరం. పరిశోధక విద్యార్థులకు గ్రంథపరిష్కరణ బోధించేటప్పుడు లేఖకదోషాలతో పాటు పుట అమరిక వల్ల కలిగే దోషాలను కూడా ఒక పాఠ్యాంశంగా చేర్చవచ్చు.